సంచి వెనక అక్షరాలు

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పంపిన రెండు ఫొటోలూ కళ్ళజోడు పెట్టుకుని, పెద్దవి చేసుకుని చూశాను. పొడి తిండి సంచి మీద ప్రోటీన్ 24 శాతం, తేమ 10 శాతం. డబ్బా తిండి మీద ప్రోటీన్ 8 శాతమే, తేమ 78. "డబ్బా ఖరీదెక్కువ, ప్రోటీనేమో మూడో వంతు. ఇది మోసం కాదా మావయ్యా?" అని అడిగావు. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే ఇంట్లో కుక్కపిల్ల తిండి గురించి ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు ఎంత సంతోషించానో చెప్పలేను.

ముందు నీళ్లు తీసేసి లెక్క కట్టు. డబ్బాలో నూటికి 78 పాళ్లు నీళ్లే. మిగిలిన 22 పాళ్లలో 8 ప్రోటీన్, అంటే నూటికి 36. సంచిలో నీళ్లు పోను మిగిలేది 90, అందులో 24, అంటే నూటికి 27 కూడా లేదు. నువ్వు తక్కువనుకున్న డబ్బాలోనే ఎక్కువుంది. ఎండుచేపను పచ్చిచేపతో తూచి పోలిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. ఈ లెక్క ఎక్కడైనా ఒక కాగితం మీద రాసి పెట్టుకో, జీవితాంతం పనికొస్తుంది.

అమెరికాలో ఈ అంకెలన్నిటికీ ఒక పద్ధతి ఉంది. అక్కడ కుక్కల, పిల్లుల తిండి కేంద్ర ప్రభుత్వపు ఆహార, ఔషధాల సంస్థ ఎఫ్‌డీఏ కిందికి వస్తుంది. దానికి తోడు రాష్ట్రాల దాణా తనిఖీ అధికారులు 1909లో ఏర్పాటు చేసుకున్న ఆఫ్కో అనే సంఘం నమూనా నియమాలు రాస్తుంది. ఈ సంఘం ప్రభుత్వ సంస్థ కాదు, దాని నియమాల్ని ఏ రాష్ట్రం చట్టంలోకి తీసుకుంటే ఆ రాష్ట్రంలోనే చెల్లుతాయి. అది ఏ సరుకునూ పరీక్షించదు, ఆమోదించదు. ఎవరైనా "ఆఫ్కో ఆమోదం పొందింది" అని చెబితే ఆ మాట తప్పని నువ్వు వెంటనే పట్టుకోవాలి.

ఆ నియమాల్లో నాకు బాగా నచ్చింది పేర్ల పద్ధతి. "చికెన్ డాగ్ ఫుడ్" అని పేరు పెట్టాలంటే కలిపిన నీళ్లు పోను 95 శాతం కోడిమాంసమే ఉండాలి. "చికెన్ డిన్నర్" అంటే 25 శాతం చాలు. "విత్ చికెన్" అంటే 3 శాతం. "చికెన్ ఫ్లేవర్" అంటే రుచి తెలిస్తే చాలు, ఇంత ఉండాలన్న కొలతే లేదు. నాలుగు సంచుల మీదా ఒకటే కోడి బొమ్మ ఉండొచ్చు. తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. పదార్థాల వరుస కూడా అంతే, బరువు ఎక్కువైనది ముందు రాయాలి. పచ్చి మాంసం నీళ్లతో కలిపి తూగుతుంది కాబట్టి ముందు నిలబడుతుంది. ఆరబెట్టిన మాంసం పొడి అసలు సత్తువ ఎక్కువున్నా వెనక పడుతుంది.

ఇదంతా నేర్చుకోవడం తేలికే. నేను అసలు చెప్పాలనుకున్నది ఆ 24 అనే అంకె ఎక్కడి నుంచి వస్తుందో. అది ప్రోటీన్ కొలత కాదమ్మడూ, నత్రజని కొలత.

1883లో కోపెన్‌హేగెన్‌లో కార్ల్స్‌బర్గ్ ల్యాబులో యోహాన్ కెల్డాల్ కనిపెట్టిన పరీక్ష ఇది. నమూనాను గాఢ గంధకామ్లంలో మరిగిస్తాం. మొదట తారులా నల్లబడుతుంది. గంటల తరబడి కాగాక ఆ నలుపు విరిగి, మయిలుతుత్తం కలిపి ఉంటాం కాబట్టి, తేటగా లేత పచ్చరంగుకు దిగుతుంది. ఆ పచ్చదనం కోసం మా ల్యాబులో ఫ్యూమ్ హుడ్ ముందు నిలబడి ఎదురుచూడటం నా ఉద్యోగంలో సగం. తర్వాత కాస్టిక్ సోడా పోసి, బయటికొచ్చిన అమ్మోనియాను పట్టి, ఎంత నత్రజని ఉందో లెక్కించి 6.25తో గుణిస్తాం. ప్రోటీన్లో సుమారు 16 శాతం నత్రజని కాబట్టి ఆ గుణకం. ఆ నత్రజని మాంసం నుంచి వచ్చిందా, ఎరువుల బస్తా నుంచి వచ్చిందా అని ఆ పరీక్ష అడగదు.

ఒకసారి పశువుల దాణాకి వాడే వేరుశనగ చెక్క నమూనా నా బల్ల మీదికి వచ్చింది. అందులో శనక్కాయ పొట్టు కళ్ళకే కనిపిస్తోంది. అయినా పరీక్షలో ప్రోటీన్ 51 శాతం! రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేయబోయాను. పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆ చెక్క పొడిలో కాస్త పచ్చి సోయా పిండి, నీళ్లు కలిపి, మూతపెట్టి గోరువెచ్చగా ఉంచాడు. కాసేపటికి మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. అమ్మోనియా ఘాటుకి కళ్ళు నీళ్లు తిరిగాయి. పచ్చి సోయా పిండి యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది, అంటే ఆ చెక్కలో యూరియా కలిపారు. యూరియాలో నత్రజని 46 శాతం. కిలో కలిపితే మా పరీక్షలో దాదాపు మూడు కిలోల ప్రోటీన్‌గా కనిపిస్తుంది. నేను సంతకం పెట్టి ఉంటే ఆ అబద్ధం ప్రభుత్వ ముద్రతో బయటికి వెళ్ళేది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

అదే మోసం 2007లో అమెరికాలో కుక్కల్నీ పిల్లుల్నీ చంపింది. ఆ మార్చి 16న కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ కంపెనీ 6 కోట్లకు పైగా డబ్బాల్ని, పౌచుల్ని వెనక్కి పిలిపించింది. ఎన్నో బ్రాండ్లు, ఎన్నో ధరలు, తయారీ మాత్రం ఒక్క కంపెనీదే. జంతువుల మూత్రపిండాలు చెడిపోతున్నాయి, కారణం అంతుబట్టలేదు. మొదట ఒక ల్యాబు ఎలుకల మందనుకుంది. మార్చి 30న ఎఫ్‌డీఏ అసలు పేరు చెప్పింది: మెలమైన్, ప్లాస్టిక్ పళ్ళేల తయారీలో వాడే రసాయనం. చైనా నుంచి తెచ్చిన గోధుమ గ్లూటెన్‌లో అది ఉంది. మెలమైన్‌లో నత్రజని 66 శాతం పైనే. కిలో కలిపితే నాలుగు కిలోలకు మించిన ప్రోటీన్ లెక్కకొస్తుంది. దాంతోపాటు ఉన్న సయనూరిక్ ఆమ్లం మెలమైన్‌తో కలిసి మూత్రపిండాల సన్నని నాళాల్లో స్ఫటికాలు కట్టింది. డబ్బాల మీది ప్రోటీన్ అంకెలు మాత్రం ఎక్కడా తగ్గలేదు. మరుసటి ఏడాదే చైనాలో పసిపిల్లల పాలపొడిలో అదే మెలమైన్ బయటపడింది, సుమారు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. కుక్కల తిండి గురించి అంత పట్టింపెందుకని నిన్ను ఎవరైనా అడిగితే ఈ రెండు సంవత్సరాల సంగతీ చెప్పు.

2007 సెప్టెంబరులోనే అమెరికా పార్లమెంటు చట్టం చేసి, పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు రెండేళ్లలో తెమ్మంది. ఆ గడువు ఊరికే దాటిపోయింది, అది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. అసలు మార్పు 2011 నాటి ఆహార భద్రతా చట్టంతో, దాని కింద 2015లో వచ్చిన జంతువుల తిండి నియమాలతో వచ్చింది. ఏ ముడిసరుకులో ఏ ప్రమాదం ఉండొచ్చో కంపెనీయే ముందుగా ఆలోచించి, రాసిపెట్టి, అడ్డుకట్ట వేయాలి. జంతువులు చచ్చాక వెతకడం కాదు, ముందే ఊహించడం. ఆ పెద్దాయన సోయా పిండితో చేసిందీ అదే.

మన సంగతికొస్తే, 2006 ఆహార భద్రతా చట్టం ఆహారం అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే పశువుల దాణాను పక్కన పెట్టింది. కుక్కల, పిల్లుల తిండికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ఐఎస్ 11968 ప్రమాణం ఉంది. మీ కాలేజీ లైబ్రరీలో అడిగి తీసుకుని, ఒక్కో పరీక్షా దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ చదువు. అర్థం కానిచోట ఫోన్ చెయ్యి, రాత్రి పదైనా పర్లేదు.

ఇంకొక్క మాట. తిండి స్టీలు డబ్బాలో పోసేసి సంచి పారేస్తోందట మీ అమ్మ. పారెయ్యొద్దని చెప్పు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్న ముక్కనైనా కత్తిరించి ఆ డబ్బాలోనే వెయ్యమను. రేపు కుక్కపిల్లకి వాంతులైతే డాక్టరుకి చూపించడానికి నీ చేతిలో ఉండేది ఆ ముక్కే.

నీ మావయ్య