కృతజ్ఞతయు వినయమును

విద్యార్థులారా! "కృతజ్ఞుడు" అను పదమును మీరు వ్యాసములలో విరివిగా వాడుచున్నారు గాని, దానిని విడదీసి చూచువారు అరుదు. కృతము అనగా చేయబడినది. జ్ఞుడు అనగా ఎరిగినవాడు. తనకు ఇతరులు చేసినదానిని ఎరిగినవాడే కృతజ్ఞుడు. కనుక కృతజ్ఞత మొదట ఎరుక, పిదప మాట. దీనికి ఎదురైన పదము మిక్కిలి కఠినమైనది. కృతఘ్నుడనగా మేలును మరచినవాడని మాత్రమే కాదు, దానిని చంపినవాడని అర్థము.

ఈ ఎరుకకు వినయముతో గల సంబంధమును క్రైస్తవ గ్రంథము రెండు కథలలో చూపుచున్నది. అవి లూకా సువార్తలో 17, 18 అధ్యాయములలో ఉన్నవి. మొదటిదానిలో పదిమంది కుష్ఠరోగులు యేసువలన స్వస్థులైరి. తిరిగివచ్చి వందనము చేసినవాడు ఒక్కడే. వాడు సమరయుడు, అనగా యూదులు చులకనగా చూచిన జనమునకు చెందినవాడు. తక్కిన తొమ్మండుగురు దుర్మార్గులని కథ చెప్పదు. యాజకులకు కనబరచుకొనుడని యేసు చెప్పిన పనిమీదనే వారు పోయిరి. ఆజ్ఞను పాటించిరి, ఆజ్ఞాపించినవానిని మరచిరి. బాగుగా చదువు విద్యార్థులకు ఈ దోషము తరచుగా కలుగును.

రెండవ కథ మరింత సూక్ష్మమైనది. దేవాలయమున ఒక పరిసయ్యుడు దేవునికి కృతజ్ఞతయే చెప్పుచున్నాడు. కాని దేనికి? తాను ఇతరులవంటివాడు కానందుకు. ముఖ్యముగా, దూరముగా నిలిచిన సుంకరివంటివాడు కానందుకు. కన్నులెత్తుటకైనను సాహసింపక కరుణింపుమని వేడిన ఆ సుంకరియే నీతిమంతుడుగా ఎంచబడి ఇంటికి వెళ్లెను. పొరుగువానికంటె తనకు ఎక్కువ దొరికినదని సంతోషించుట కృతజ్ఞత కానేరదు. పరీక్షలో మొదటివారుగా వచ్చి దేవునికి దండము పెట్టువారు ఈ కథను ఒకమారు చదువవలెను.

మన భివండీ తెలుగువారిలో అనేకుల పూర్వులు కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చినవారు. ఆ తెలంగాణముననే, నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న డోర్నకల్లున, ఈ రెండు గుణములును వంటింటి అలవాటుగా మారినవి. 1912లో అక్కడి బిషప్పుగా అభిషేకింపబడిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయులు. తెలుగు నేర్చుకొని మన పల్లెలలో తిరిగిరి. వారి సంఘమున అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు, కూలిపై బ్రతుకువారు. అట్టివారు ఇచ్చుటకేమున్నది? గృహిణి అన్నము వండబోవునపుడు కొలిచిన బియ్యమునుండి ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయును. ఆ బియ్యము సంఘమునకు చేరును. మిగిలిన అన్నము కాదు, వండకముందు తీసిన బియ్యమని గమనింపుడు. తరతరములుగా ఇతరుల ముందు చాచవలసివచ్చిన చేయి ఇచ్చు చేయి అయ్యెను. పిడికెడు బియ్యమునకు గర్వించువారెవరు? అయినను ఇచ్చితిమను తృప్తి ఆ యింట నిలుచును.

వినయమనగా వంగి ఊరకుండుటయని తలపరాదు. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు ప్రసంగించిరి. విదేశ మిషనరీల త్యాగములకు భారతీయ సంఘము ఎన్నటికిని కృతజ్ఞత కలిగియుండునని చెప్పి, ఆపై, మాకు మీ దానములే కాదు, సమానులుగా మీ స్నేహమును కావలెనని అడిగిరి. సభలో కొందరికి ఆ మాట రుచింపలేదు. అయినను వారు దానిని దాచుకొనలేదు.

మన ఊరికి ఇది అవసరమైన పాఠము. "మరమగ్గముల యజమాని కూలి ఇచ్చుచున్నాడు గదా, కృతజ్ఞులమై నోరు మెదపక ఉండవలెనా?" అని పెద్ద తరగతుల బాలురు అడుగుదురు. కూలి దానము కాదు, పనికి వెల. కోతగాండ్రకు ఇయ్యక బిగబట్టిన కూలి మొరపెట్టునని యాకోబు పత్రిక 5వ అధ్యాయమున కలదు. జబ్బుపడినపుడు ఆదుకొన్న యజమానికి కృతజ్ఞత చూపవలసినదే. మీటర్ల లెక్కలో తప్పు కనబడినపుడు మర్యాదగా అడుగవలసినదే.

లెక్కకు అందని మేళ్లు వేరు. మన పేటలలో కార్మికులకు అన్నముపెట్టు భిస్సీలను ఎందరో తెలుగు స్త్రీలు నడుపుచున్నారు. నెలసొమ్ము చెల్లించినవాడు ఋణము తీరినదనుకొనును. ఆ సొమ్ము బియ్యమునకు, నూనెకు, గ్యాసుకు, ఆమె శ్రమలో కొంతకు సరిపోవును. పాళీ దిగి ఆలస్యముగా వచ్చినవానికి చారు మరల వేడిచేసి పెట్టుట ఆ లెక్కలో లేదు. తెగిన పడుగుపోగులు ముడివేసి, మగ్గముమీది దుమ్ము తుడిచి తరువాతి పాళీవానికి అప్పగించుటయు ఏ కూలి చీటీలోను వ్రాయబడదు. ఈ వారము మీ ఇంట, మీ వీధిలో అట్టివి ఎన్ని జరిగినవో కనిపెట్టి, చేసినవారి పేర్లతో నోటుపుస్తకమున వ్రాసి తెండు.