అసెంబ్లీకి పోటీ చేసే మాస్టారికి, వ్యాపారికి ముందు జాగ్రత్తలు

ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మాస్టారికి ఊరూరా శిష్యులుంటారు. వ్యాపారికి డబ్బు తిప్పడం, మనుషులతో పని చేయించడం తెలుసు. విద్యాసంస్థలు నడిపిన పల్లె రఘునాథరెడ్డి 1999లో నల్లమాడ ఎమ్మెల్యే, 2014లో మంత్రి అయ్యారు. పేరు, డబ్బు ఉన్నా కాగితాల దగ్గర దెబ్బతింటే అన్నీ పోతాయి.

మన గుడిబండ మండలం ఉన్న మడకశిర నియోజకవర్గాన్నే చూడండి. 2014లో గెలిచిన ఈరన్న ఎన్నికను 2018 నవంబరులో హైకోర్టు రద్దు చేసింది. తనపై ఉన్న కేసు వివరాలు, భార్య ఉద్యోగం అఫిడవిట్‌లో దాచారన్నది కారణం. ప్రత్యర్థి తిప్పేస్వామి ఎమ్మెల్యే అయ్యారు. 2024లో ఇక్కడ మెజారిటీ 351 ఓట్లే. ఇంత తక్కువ తేడా ఉన్న చోట ఓడినవారు గెలిచినవారి అఫిడవిట్‌ను అక్షరం అక్షరం చదువుతారు. పిటిషన్ వేయడానికి వారికి 45 రోజుల గడువుంటుంది.

కాబట్టి అఫిడవిట్ పత్రమైన ఫారం 26లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకండి. మనది కర్ణాటక సరిహద్దు ప్రాంతం. కర్ణాటకలో కేసున్నా, ఆస్తి ఉన్నా, భార్యాభర్తల్లో ఎవరికి అక్కడ ఉద్యోగం ఉన్నా రాయాల్సిందే.

ప్రభుత్వ టీచరైతే సెలవు పెట్టి పోటీ చేయడం కుదరదు. రాజీనామా లేఖ ఇస్తే సరిపోదు, ఆమోదించిన ఉత్తర్వు నామినేషన్ల స్క్రూటినీ నాటికి చేతిలో ఉండాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పాత పెన్షన్ పరిధిలో ఉన్నవారు రాజీనామా చేస్తే సర్వీసంతా పోతుంది. 20 ఏళ్ల సర్వీసు ఉంటే మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోండి, పెన్షన్ నిలుస్తుంది. ఓడినా ఇల్లు గడవాలి కదా.

కాంట్రాక్టులు చేసేవారికి ఇంకో చిక్కుంది. మీ పేరున రాష్ట్ర ప్రభుత్వ పని నడుస్తుంటే అనర్హత వస్తుంది. పని పూర్తిచేసి అప్పగించాక బిల్లు బకాయి ఉన్నా ఇబ్బంది లేదు. అప్పగించినట్టు రాతపూర్వక ఆధారం మాత్రం దగ్గర పెట్టుకోండి.

ఎన్నికల ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. వ్యాపార ఖాతాతో కలపకుండా వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడొచ్చు.

మడకశిర ఎస్సీ రిజర్వుడు స్థానం, కుల ధ్రువీకరణ పత్రం కూడా సరిచూసుకోండి. టికెట్ అడగడానికి ఆరు నెలల ముందే ఈ పత్రాలన్నీ ఒక లాయర్‌కూ ఒక ఆడిటర్‌కూ చూపించండి. వాళ్లు సరే అన్నాకే నాయకుల గుమ్మం ఎక్కండి.