మన నేల కింద గ్యాస్ ఉంది, పిల్లలకు ఉద్యోగం ఉందా?



తొమ్మిది, పది తరగతుల పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది: "మన దగ్గరే ఓఎన్‌జీసీ ఉంది కదా మేడమ్, మావాణ్ని పెట్రోలియం ఇంజినీరింగ్‌లో చేర్పిస్తే ఎలా ఉంటుంది?"

గోదావరి జిల్లాల్లో ఈ ఆలోచన రావడం సహజం. రాజమండ్రిలో ఓఎన్‌జీసీ అసెట్, తాటిపాకలో 2001 నుంచి మినీ రిఫైనరీ, ఓడలరేవులో, గాడిమొగలో గ్యాస్ టెర్మినళ్లు మన కళ్లెదుటే ఉన్నాయి. 2024 జనవరిలో మన తీరానికి ఎదురుగా లోతు సముద్రంలోని బ్లాక్ నుంచి ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టింది. కానీ ఊళ్లో బావి ఉన్నంత మాత్రాన ఆ ఊరి పిల్లలకు ఉద్యోగం రాసిపెట్టి ఉండదు. అందుకే కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి.

చదువులో ఏముంటుంది?

బావి తవ్వడం, రాతి పొరల్లో ఎంత నిల్వ ఉందో లెక్కగట్టడం, దాన్ని క్షేమంగా పైకి తేవడం. ఈ మూడింటికీ పునాది మన ఫిజిక్స్ పాఠమే. పీడనం అంటే సాంద్రత, జి, లోతు ఈ మూడింటి లబ్ధం. 3,000 మీటర్ల నీటి స్తంభం అడుగున పీడనం వాతావరణ పీడనానికి సుమారు 290 రెట్లు. కింద గ్యాస్ అంతకన్నా గట్టిగా తోస్తే నీటి బరువు చాలదు. అందుకే డ్రిల్లింగ్ మడ్‌లో ముగ్గురాయి పొడి కలిపి బరువు పెంచుతారు. ఆ ముగ్గురాయి గనులు కడప వైపు మంగంపేటలో ఉన్నాయి. పీడనం అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది.

చేరే దారులు

ఇంటర్‌లో ఎంపీసీ తప్పనిసరి. విశాఖలోని ఐఐపీఈ, ధన్‌బాద్ ఐఐటీల్లో సీటుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. కాకినాడ జేఎన్‌టీయూలో చేరాలంటే ఈఏపీసెట్ రాయాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. చమురు కంపెనీలు మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ వాళ్లనూ, జియాలజీ పీజీలనూ తీసుకుంటాయి. పెట్రోలియం డిగ్రీతో వేరే రంగంలోకి మారడం మాత్రం అంత తేలిక కాదు. పిల్లల ఇష్టం ఇంకా గట్టిపడకపోతే కెమికల్ లేదా మెకానికల్ తీసుకోవడం మంచిది.

ధర పడితే?

2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్లు దాటి ఉంది. 2016 జనవరికి ముప్పై కిందికి పడింది. 2020లో మళ్లీ అదే కథ. అలాంటి ఏడాది డిగ్రీ చేతికొచ్చినవాళ్లకు కొత్త ఉద్యోగాలు తగ్గిపోతాయి, తప్పు వాళ్లది కాకపోయినా. చేరేనాటి ధర చూసి నాలుగేళ్ల తర్వాతి జీతం లెక్కేయకండి. ఫీజు కోసం అప్పు చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

మొదటి ఐదేళ్లు

రిగ్గు మీద పన్నెండు గంటల షిఫ్టు. చాలాచోట్ల 14 రోజులు పని, 14 రోజులు సెలవు. మొదటి పోస్టింగ్ రాజమండ్రిలోనే రాకపోవచ్చు; ముంబై సముద్రంలోనో, అస్సాంలోనో, రాజస్థాన్‌లోనో రావచ్చు. పండక్కి ఇంటికి రాలేకపోవచ్చు. అమ్మాయిలూ ఈ పనుల్లో ఉన్నారు, కాబట్టి "ఆడపిల్లకెందుకు" అని ముందే కొట్టిపారేయకండి.

ఇప్పటి నుంచి ఏం చేయాలి?

• 9, 10 తరగతులు: ఒత్తిడి, సాంద్రత, హైడ్రోకార్బన్ల పాఠాలు బట్టీ కాకుండా లెక్కలు చేస్తూ నేర్చుకోవాలి.
• ఇంటర్: ఇంగ్లిష్‌లో రోజుకు పది వాక్యాలు సొంతంగా రాయాలి. రిగ్గు మీద ప్రతిరోజూ రిపోర్టు రాయక తప్పదు.
• బీటెక్: రెండో ఏడాది నుంచే ఇంటర్న్‌షిప్ వెతకాలి, ఎక్సెల్, పైథాన్ నేర్చుకోవాలి. గేట్‌లో పెట్రోలియం ఇంజినీరింగ్‌కు ప్రత్యేక పేపర్ ఉంది.
• వైద్య పరీక్షలో రంగుల గుర్తింపు కూడా చూస్తారు. పిల్లల కళ్లు ఇప్పుడే పరీక్ష చేయించండి.

గ్రూపు ఎంచుకునే ముందు పిల్లలతో కూర్చుని ఈ పేజీ కలిసి చదవండి. సందేహాలుంటే వచ్చే మీటింగుకు రాసుకుని తీసుకురండి, మాట్లాడుకుందాం.