గ్రీన్‌కార్డు వచ్చేలోగా...
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఎప్పుడో ఆమోదమైంది కానీ మా తేదీ కదలడం లేదు. మా బాబాయి కొడుకు కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాడు. ‘ఇక్కడ తుపాకుల గోల లేదన్నయ్యా, వచ్చేయండి’ అంటున్నాడు. మా ఆవిడ మాల్‌కి వెళ్లినా బయటికి దారెటుందో చూసుకుని కూర్చుంటోంది. ఏ దేశం క్షేమమంటారు?
- ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: తుపాకుల మాట వరకు మీ తమ్ముడు చెప్పింది నిజమే. కెనడాలో చేతి తుపాకుల అమ్మకాలను 2022 అక్టోబరు నుంచి దాదాపు నిలిపేశారు. మీ టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లలో చాలామంది లైసెన్సు లేకుండానే తుపాకీ నడుముకు పెట్టుకుని తిరగొచ్చు. మీ ఆవిడ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. అయితే రాత్రి ఇంటిముందు పెట్టిన కారు గురించి మీ తమ్ముణ్ణి కూడా ఓసారి అడగండి. టొరంటో చుట్టుపక్కల కార్ల దొంగతనాలు అక్కడివాళ్లకు పెద్ద తలనొప్పి.

నేనైతే ముందు ఇంకో ప్రశ్న వేసుకుంటాను. ఉద్యోగం పోయిన మర్నాడు ఎవరి గతేమిటి? హెచ్-1బీ మీద ఉన్న మీకు గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది, ఐ-94 (దేశంలో ఉండే అనుమతి) అంతకంటే ముందే ముగిస్తే ఆ రోజు వరకే. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. సొంత డబ్బుతో కోబ్రా కింద కొనసాగించుకుందామంటే ప్రీమియం చూసి కళ్లు తిరుగుతాయి. మీ తమ్ముడికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చేసి ఉంటే ఉద్యోగం పోయినా ఇల్లు కదలక్కర్లేదు, ప్రభుత్వ వైద్యమూ ఆగదు. ఇంకా ఒకే కంపెనీకి కట్టుబడిన వర్క్ పర్మిట్ మీదే ఉన్నాడంటే మాత్రం అతనూ మీలాంటివాడే. ముందు ఆ సంగతి కనుక్కోండి.

ఇక వెళ్లాలా వద్దా అన్నది మీ పిల్లల వయసును బట్టి చెప్తాను. మీరు వాళ్ల వయసు రాయలేదు. ఏటా ఉద్యోగాల కోటాలో ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్నది సాధారణ నియమం. అందుకే మనవాళ్ల వరుస పదేళ్లు దాటిపోయింది. ఇండియాలో పుట్టి మీతో వచ్చిన బిడ్డకు ఈలోగా 21 నిండితే మీ హెచ్-1బీ మీద ఆధారపడిన హెచ్-4 పోతుంది. వయసు లెక్కలో కొంత ఊరటనిచ్చే 2002 నాటి చట్టం ఉంది గానీ, ఇంత పొడుగు వరుసలో అది అందరినీ ఆదుకోలేదు. బిడ్డ పద్నాలుగు, పదిహేను దగ్గరుంటే కెనడా గురించి ఈ ఏడే గట్టిగా ఆలోచించండి. అక్కడ పీఆర్‌కి పెట్టుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మీ వయసుకిచ్చే మార్కులు 30 నుంచి తగ్గుతూ 45 వచ్చేసరికి సున్నా అవుతాయి. పిల్లలు అమెరికాలో పుట్టినవాళ్లయితే నేను తొందరపెట్టను.

ఒక విషయంలో మాత్రం నమ్మకంగా ఉండండి. ఐ-140 ఆమోదమయ్యాక, మోసమో పెద్ద పొరపాటో బయటపడి రద్దయితే తప్ప, దేశం దాటినంత మాత్రాన మీ ప్రయారిటీ తేదీ పోదు. తిరిగొస్తే కొత్త కంపెనీ మళ్లీ పిటిషన్ వేయాలి, వరుసలో చోటు మాత్రం పాతదే.

ప్రశ్న: నాది హెచ్-4. మా వారికేమైనా అయితే నేనూ పాపా ఏమవుతాం? అడగడానికే నోరు రావడం లేదు.
- ఓ సోదరి, షార్లట్

జవాబు: అడిగి మంచిపని చేశావమ్మా. ఈ మాట భర్తతో ఎత్తితే అపశకునమంటారని చాలామంది నోరు మూసుకుంటారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు ఆయన భార్య సునయన దుమాలకు భర్తతోపాటే వీసా హోదా కూడా పోయింది. తన కాళ్లమీద తాను ఆ దేశంలో నిలబడటానికి ఆమె ఎంత పోరాడాల్సి వచ్చిందో అప్పట్లో పేపర్లలో చదివే ఉంటావు. హెచ్-4 అంటే హెచ్-1బీకి కట్టిన తాడు. అది తెగితే ఇదీ తెగుతుంది.

అలాగని దారులు పూర్తిగా మూసుకుపోవు. వలస చట్టంలో 204(ఎల్) అనే సెక్షన్ ఉంది. భర్త చనిపోయేనాటికి మీరు అమెరికాలోనే కాపురముంటూ, ఆయన పిటిషన్ నడుస్తూనో ఆమోదమయ్యో ఉంటే, దాని మీద ముందుకు వెళ్లనివ్వమని కోరవచ్చు. ఇవ్వడం అధికారుల విచక్షణ, పైగా ఈలోగా ఉండటానికి వేరే హోదా చూసుకోవాలి. అలాంటి రోజున ముందు లాయరుతో మాట్లాడాలి.

ఈలోగా చేయాల్సింది ఇంట్లోనే ఉంది. ఐ-140 ఆమోదపత్రం కాపీ నీ దగ్గర ఉందా? చాలా ఇళ్లలో అది ఆయన ఆఫీసు మెయిల్లో పడుంటుంది, కొన్ని కంపెనీలైతే ఆయనకీ ఇవ్వవు. కనీసం రసీదు నంబరు రాసి పెట్టుకో. ఆఫీసు ఇచ్చే జీవిత బీమాతో పాటు బయట ఒక టర్మ్ పాలసీ కూడా తీసుకోండి. ఆయన ఐ-140 ఆమోదమై ఉంటే నువ్వు ఈఏడీకి (వర్క్ పర్మిట్‌కి) పెట్టుకోవచ్చు. 2015 నుంచి ఆ వీలుంది. జీతం ఎంతొచ్చినా, ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో ఉండు. రేపు ఏదైనా కంపెనీ నీ పేరుమీద వీసా వేయాలన్నా ఆ అనుభవమే పనికొస్తుంది.

(నీ ఉత్తరంలో లేదు గానీ, ఇది చదివే ఇంకెవరికైనా పనికిరావచ్చు. భర్త చేతిలో దెబ్బలు తింటూ, వీసా పోతుందని ఓర్చుకుంటున్న హెచ్-4 భార్యలకు విడిగా వర్క్ పర్మిట్ అడిగే ఫారం ఉంది: ఐ-765వీ. భర్త సంతకం అక్కర్లేదు.)

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో పీఆర్‌కి పెట్టాను, బ్రిడ్జింగ్ వీసా ఏ మీద ఉన్నాను. ఖమ్మంలో అమ్మకి ఆపరేషన్. వెళ్లి రావచ్చా?

జవాబు: అలాగే విమానం ఎక్కితే మాత్రం ఆ వీసా అక్కడితో సరి. ముందు బ్రిడ్జింగ్ వీసా బీ తీసుకుని, దాని మీద రాసిన తేదీలోపు తిరిగి రండి. టికెట్ తర్వాత.

ప్రశ్న: మా అబ్బాయి హ్యూస్టన్‌లో హెచ్-1బీ మీద ఉన్నాడు. పోలీసులు ఆపితే ఏం చేయాలో, ఏ కాగితాలు దగ్గరుండాలో చెప్పండి. బయట తెలుగులో మాట్లాడొద్దంటున్నారు, నిజమేనా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మన దగ్గర ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే బండి దిగి, నవ్వుతూ ఆయన దగ్గరికి నడిచి వెళ్తాం. ఆ అలవాటు అక్కడ ప్రమాదం. కారులోనే కూర్చుని, రాత్రయితే లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద ఉంచమనండి. డాష్‌బోర్డు అర తెరవాలన్నా ముందు చెప్పి తెరవాలి.

పద్దెనిమిది దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ రుజువు దగ్గర ఉంచుకోవాలని చట్టం. మీవాడి విషయంలో అది ఐ-94 ప్రింటు. పాస్‌పోర్టు పోతే బాధ పెద్దది కనుక రోజూ మోసుకు తిరగడం నాకిష్టం లేదు. టెక్సస్‌లో వీళ్ల డ్రైవింగ్ లైసెన్సుకు కూడా వీసా కాగితాన్ని బట్టే గడువుంటుంది. గడువు లోపే పొడిగింపుకు పెట్టుకుంటే పాత కంపెనీలోనే 240 రోజుల వరకు పని చేయొచ్చు, లైసెన్సు గడువు మాత్రం దానంతట అదే పెరగదు. అటు ఉద్యోగం చట్టబద్ధం, ఇటు బండి నడపడం నేరం! కొత్త రసీదు రాగానే పట్టుకెళ్లి లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో అడగమనండి. ఇల్లు మారితే 10 రోజుల్లోపు ఏఆర్-11 ఫారం నింపడం కూడా మరిచిపోకూడదు.

తెలుగు సంగతి. ఓలేత ఘటన తర్వాత అమెరికాలోని ఒక తెలుగు సంఘం అలాంటి సలహాయే ఇచ్చింది. నేను దాంతో ఏకీభవించను. అక్కడ కాల్చినవాడు శ్రీనివాస్‌నూ ఆయనతో ఉన్న మిత్రుణ్ణీ ఇరాన్‌వాళ్లనుకున్నాడు, వీసా ఏమిటని నిలదీశాడు. వాడు చూసింది ఒంటి రంగు. తాగి ఊగుతూ గొడవకు దిగేవాళ్లున్న చోట కూర్చోవద్దని చెప్పండి, ఫోన్లో మాత్రం మీతో తెలుగులోనే మాట్లాడనివ్వండి.