గజ్జి: ఇంటిలోను, పశువుల కొట్టములోను

ఒక గ్రామమున రైతొకరు తన గేదెను నాకు చూపించిరి. దాని మెడమీదను, కొమ్ముల మొదళ్ళవద్దను వెండ్రుకలు రాలి, చర్మము మందమై ముడుతలు పడియుండెను. అది కట్టుగుంజకు ఒరసికొనుచునే యుండెను. ఆయన కుమారుని వ్రేళ్ళ సందులలో పొక్కులు కలవు. "పిల్లవాడికి మూడుసార్లు మందు రాశామండీ. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. గేదె నుంచే అంటుకుంటోందా?" అని ఆయన అడిగిరి. చాలమంది రైతులకు ఈ సందేహము కలదు గావున ఇచట వివరించుచున్నాను.

కారణము: గజ్జి వేడివలనగాని, రక్తదోషమువలనగాని వచ్చునది కాదు. సార్కోప్టిస్ అను ఎనిమిది కాళ్ళ చిన్న పురుగు దీనికి కారణము. 1687లో ఇటలీ దేశీయులు బొనోమో, చెస్తోని దీనిని సూక్ష్మదర్శినితో చూచి వర్ణించిరి. ఆడపురుగు అర మిల్లీమీటరు పొడవైనను ఉండదు. అది చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వుచు రోజునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు 3, 4 రోజులలో పిగులును.

మనుష్యులలో: వ్రేళ్ళ సందులు, మణికట్లు, చంకలు, నడుము, బొడ్డు చుట్టును పొక్కులు లేచి, రాత్రులందు దురద హెచ్చును. గోకుటచే పుండ్లు పడి చీముపట్టును. చీము పుండ్లను అశ్రద్ధ చేసినచో ఒక్కొక్కప్పుడు పిల్లలకు మూత్రపిండములు కూడ చెడును.

పశువులలో: కుక్కలకు చెవుల అంచులు, మోచేతులు, మేకలకు మూతి, కండ్లచుట్టు, చెవులు, గేదెలకు తల, మెడ ముందుగా చెడును. వెండ్రుకలు రాలి పక్కులు కట్టును. పశువు మేత మాని చిక్కిపోవును, పాలు తగ్గును.

పశువునుండి అంటునా? మనుష్యులకు పట్టు పురుగు, పశువులకు పట్టు పురుగు వేర్వేరు రకములు. గజ్జి పట్టిన పశువును తాకినవారికి చేతులమీదను, పొట్టమీదను దురద పొక్కులు రావచ్చును. కాని ఆ పురుగు మన చర్మములో సంతతి పెంచుకొనజాలదు. పశువునకు వైద్యము చేయించినచో ఈ దురద తనంతట తానే తగ్గును. మాటిమాటికి తిరిగివచ్చు గజ్జి సాధారణముగా ఇంటిలోని మరియొక మనిషినుండి వచ్చునదే. మొదటిసారి పురుగు సోకినవారికి 4 మొదలు 6 వారములవరకు దురద తెలియకపోవచ్చును. ఈలోపుననే వారు ఇతరులకు అంటింతురు. ఆ రైతు పిల్లవానికి మాత్రమే మందు రాసిరి. వాని ప్రక్కన పండుకొను చెల్లెలికి రాయలేదు.

చేయవలసిన పనులు:

1. దురద ఉన్నను లేకున్నను ఇంటిల్లిపాదియు ఒకే రోజున మందు వాడవలెను. డాక్టరు సలహాపై 5 శాతము పెర్మెత్రిన్ లేపనమును మెడనుండి అరికాళ్ళవరకు రాత్రి రాసికొని, 8 మొదలు 14 గంటల తరువాత స్నానము చేయవలెను. వారమునకు మరల రాయవలెను. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడుగక రాయరాదు.

2. అదే రోజున బట్టలు, దుప్పట్లు వేడినీట ఉతికి ఎండవేయవలెను.

3. పురుగులు చచ్చినను దురద 2 మొదలు 4 వారములుండవచ్చును. మందు పనిచేయలేదని దినదినము రాయరాదు.

4. గజ్జి పశువును వేరుగా కట్టి, పశువైద్యునికి చూపించవలెను. ఐవర్‌మెక్టిన్ సూది మందు గ్రుడ్లను చంపదు గావున రెండవసారి కూడ వేయించవలెను. ఈ మందు పాలలోనికి దిగును. పాడిపశువైనచో ముందుగానే చెప్పవలెను.

5. పైరుపై చల్లు పురుగుమందులను పశువులకుగాని, పిల్లలకుగాని ఎన్నడును పూయరాదు. అవి చర్మముగుండా లోనికి పోయి ప్రాణము తీయగలవు.

గ్రామోద్యోగులకు మనవి: వసతి గృహములో ఒక పిల్లవానికి గజ్జి కనిపించినచో వానిని మాత్రమే ఇంటికి పంపివేయక, ఆరోగ్య కార్యకర్తకు తెలిపి అందరికి ఒకే రోజున మందు ఇప్పింపవలెను.