వీధిలో జరిగిన కూటము
పాఠ్యభాగము: అపొ. కార్య. 4:18–20

1670లో ఇంగ్లాండు ప్రభుత్వము రాజద్రోహమును అణచుటకని ఒక చట్టము చేసెను. రాజ్యసంఘ క్రమము విడిచి, ఇంటివారు గాక ఐదుగురు ఆరాధనకు కూడినను నేరమే. బాప్తిస్టులకును ఇది తగిలినది.

ఆగస్టులో లండను గ్రేస్‌చర్చి వీధిలో క్వేకర్ల మందిరమునకు సైనికులు అడ్డు నిలువగా, విలియం పెన్ వీధిలోనే బోధించెను. అల్లరి కూటమని అతనిపై, విలియం మీడ్‌పై నేరము మోపిరి. అతడు ఆ వీధిలో మాటలాడెను, అంతేయని జ్యూరీవారు మొదట చెప్పిరి. న్యాయాధిపతులు కోపించి, అన్నపానములు లేకుండ వారిని రాత్రులు మూసియుంచిరి. చివరకు నిర్దోషులనిరి! జరిమానా పడెను. ఎడ్వర్డ్ బుషెల్ మొదలగువారు చెల్లించక చెరలో ఉండిరి. తీర్పు నిమిత్తము జ్యూరీని శిక్షింపరాదని తుదకు ప్రధాన న్యాయాధిపతి వాన్ తేల్చెను.

మనము పెన్‌నే తలంతుము. విచారణ బుషెల్ మీద కాదు. ఒక్క మాట మార్చిన ఇంటికి పోయెడివాడు.

చర్చించుడి: మనవారు కాని వారి కూటము మూయబడినయెడల మన సంఘము ఏమి చేయును?