వీగన్ అంటే పాలు మానేయడమేనా? పొందూరు ఖద్దరు నేర్పే పాఠం



శ్రీకూర్మం వెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. లోపల స్వామి కూర్మరూపంలో దర్శనమిస్తాడు. బయట ఆవరణలో నిజం తాబేళ్లని పెంచుతారు. ప్రాణిలో దేవుణ్ణి చూడటం మనకి కొత్త కాదు. అదే చూపు మన కంచం దాకా, బట్టల దాకా వస్తే? ఈరోజు మన పాఠం అదే.

అసలు అర్థం ఏంటి?

1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు 'వెజిటేరియన్' మాటలోని మొదలు, చివర కలిపి 'వీగన్' అన్నారు. తిండికైనా, బట్టకైనా, ఇంకే అవసరానికైనా ప్రాణుల్ని వాడుకోవడం, హింసించడం *వీలైనంత వరకు* మానుకోవడమే దీని భావం. అంటే మాంసం, గుడ్డుతో పాటు పాలు, నెయ్యి, తేనె, పట్టు, తోలు కూడా ఇందులోకి వస్తాయి.

ఎందుకు మారతారు?

కొందరికి పాలు అరగవు. కొందరికి పర్యావరణం మీద దిగులు. కొందరికి దూడ గుర్తొస్తుంది: ఈనితేనే ఆవు పాలిస్తుంది, పుట్టింది కోడెదూడ అయితే డెయిరీకి దానితో పనిలేదు. ఆరోగ్యం కోసమే అయితే అది ఆహార నియమం. ప్రాణి కోసమైతేనే చెప్పులు, పట్టుబట్టల గురించి కూడా ఆలోచిస్తాం.

గాంధీజీ ఒప్పుకున్న మాట

ఆవుల్ని, గేదెల్ని హింసించి పాలు పిండే పద్ధతి గురించి చదివి, 1912లో దక్షిణాఫ్రికాలో గాంధీజీ పాలు మానేశారు. తర్వాత జబ్బుచేసి చిక్కిపోయినప్పుడు, కస్తూర్బా మాట మీద మేకపాలు తీసుకున్నారు. వ్రతం అక్షరం నిలిచినా ఆత్మ నిలవలేదని తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు.

పొందూరు చిక్కుప్రశ్న

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు నూలుబట్టే కదా, వీగన్ అనుకుంటాం. కానీ అక్కడ పత్తిని శుభ్రం చేసి దువ్వేది వాలుగ చేప దవడతో! సన్నటి ఆ పళ్లే దువ్వెన. మరి అది మానేయాలా? పట్టుచీర కోసం వేల పట్టుకాయల్ని పురుగుతో సహా ఉడికిస్తారు. దీన్నీ దాన్నీ ఒకే గాటన కట్టలేం. పూర్తిగా మచ్చలేని వస్తువు దొరకడం కష్టం. అందుకే 'వీలైనంత వరకు' అన్నమాట అంత ముఖ్యం. అది తప్పించుకోవడానికి సాకు కాదు, రోజూ మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న.

నా తప్పు

పాలు మానేసిన కొత్తలో, పండగరోజు అమ్మ చేసిన పరమాన్నాన్ని "ఇది హింస" అని పక్కకి నెట్టేశాను. అమ్మ ఏమీ అనలేదు, ఆ పూట తను కూడా తినలేదు. దూడ మీద జాలి చూపించి అమ్మని ఏడిపిస్తే అది అహింసేనా? మాటతో చేసే హింస కూడా హింసే. మరుసటి పండక్కి ఉద్దానం కొబ్బరికాయ నేనే కోరి, పాలు తీసిచ్చాను. అమ్మ ఆ పాలతోనే బెల్లం పరమాన్నం వండి నైవేద్యం పెట్టింది.

ఈ వారం సాధన

- ఒక రోజు నువ్వులనూనె దీపం, పండు నైవేద్యంతో పూజ చేయండి. భక్తితో ఇచ్చిన ఆకు, పువ్వు, పండు, నీళ్లు చాలని గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు.
- కొత్త బట్ట కొనేముందు అది ఎలా తయారైందో అడగండి.
- పూర్తిగా మారాలనుకుంటే బీ12 గురించి డాక్టర్ని తప్పకుండా అడగండి.
- ఇంట్లో ఎవరినీ తక్కువ చేసి మాట్లాడకండి.

సర్వే జనాః సుఖినో భవంతు. ఆ 'జనం'లో దూడని కూడా కలుపుకుందాం!